కొలువు లేని లీడర్ రాండాల్ఫ్

అమెరికాల పుల్మన్ అని ఒక కంపెనీ ఉండె. రైళ్లల్ల స్లీపర్ బోగీలు నడిపేది. అండ్ల పక్కలు పరిచి, సామాన్లు మోసి, బూట్లు తుడిచే పోర్టర్లు దాదాపు అందరు నల్లజాతోళ్లే. కండక్టర్ కొలువేమో తెల్లోళ్లకే. కంపెనీ పెట్టినాయన పేరు జార్జ్ పుల్మన్. అందుకని ప్యాసింజర్లు ప్రతి పోర్టర్‌నూ జార్జ్ అనే పిలుస్తుండిరి. పేరు గూడ సొంతం కాకపాయె!

1925ల పోర్టర్లు హార్లెంల యూనియన్ పెట్టుకొని ఎ. ఫిలిప్ రాండాల్ఫ్‌ను లీడర్ చేసుకున్నరు. ఆయన పోర్టర్ కాదు, పత్రిక నడిపేటాయన. నా లెక్కల అసలు తెలివి గదే. కంపెనీల కొలువే లేనోన్ని ఎట్ల పీకేస్తరు? యూనియన్ల చేరినోళ్లను మాత్రం పీకేసిండ్రు, వెనుక వేగులను పెట్టిండ్రు. 1928ల సమ్మె అని చెప్పి ఆఖరుకు ఆపేసేసరికి సభ్యులు చానామంది జారిపోయిండ్రు. ఆయన జారలే. 1937ల కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. నెలకు 400 గంటల చాకిరి 240కి దిగింది, జీతం పెరిగింది.

1941ల యుద్ధ సామాన్ల ఫ్యాక్టరీలు నల్లజాతోళ్లను తీసుకుంటలేవని వాషింగ్టన్ మీదికి ర్యాలీ తీస్తమన్నడు. తియ్యకముందే ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఆ ఫ్యాక్టరీలల్ల జాతి వివక్ష చెల్లదని ఆర్డర్ ఇచ్చిండు.

నాకు ఇంకా పెద్దగ అనిపించేది వేరే. నల్లోళ్లను చేర్చుకోని యూనియన్లు గూడ ఉండె. కార్మిక సమాఖ్య సభలల్లనే లేచి, ఏండ్లకేండ్లు వాళ్లను నిలదీసిండు. 1963 వాషింగ్టన్ ర్యాలీ అంటే మనకు మార్టిన్ లూథర్ కింగే యాదికొస్తడు. దాన్ని ముందుండి నడిపింది 74 ఏండ్ల రాండాల్ఫ్.