లార్డ్ రేలీ

జాన్ విలియం స్ట్రట్, మూడవ బారన్ రేలీ (నవంబరు 12, 1842 - జూన్ 30, 1919) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. ఆర్గాన్ వాయువును కనుగొన్నవారిలో ఒకడిగా 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఆకాశపు నీలిరంగుకు కారణం వివరించినవాడిగా విద్యార్థులకు పరిచితుడు. తరంగాల ప్రయాణంపై ఈయన చేసిన కృషికి మాత్రం అంతటి ప్రచారం లభించలేదు.

జీవిత విశేషాలు

రేలీ ఎసెక్స్‌లోని మాల్డన్ సమీపాన జన్మించాడు. చిన్ననాటి నుండి ఆరోగ్యం అంతంత మాత్రమే. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివి, 1865లో గణిత పరీక్షలో ప్రథముడిగా నిలిచాడు. 1872లో కీళ్ళవాతపు జ్వరం సోకగా ఈజిప్టు వెళ్ళి, నైలు నదిపై పడవలో ఉంటూ ధ్వని సిద్ధాంతం అనే ఉద్గ్రంథ రచనకు పూనుకొన్నాడు. 1873లో తండ్రి నుండి ఎస్టేటు సంక్రమించినా పరిశోధన మానక, టెర్లింగ్‌లోని స్వగృహంలోనే ప్రయోగశాల నెలకొల్పుకొన్నాడు. మాక్స్‌వెల్ తరువాత 1879 నుండి 1884 వరకు కావెండిష్ ఆచార్యుడిగా పనిచేశాడు.

సమూహ వేగం

చెరువులో రాయి వేసినపుడు అలలు గుంపుగా బయలుదేరుతాయి. పరిశీలించి చూస్తే ఒక్కొక్క అల గుంపు వెనుక పుట్టి, దానిని దాటుకొంటూ పోయి, ముందు అంచున మాయమవుతుంది. లోతైన నీటిలో గుంపు వేగం అల వేగంలో సగమే. పౌనఃపున్యాన్ని బట్టి వేగం మారే ప్రతి చోటా ఈ తేడా ఉంటుంది. దీనినే విక్షేపణం అంటారు. హామిల్టన్, స్టోక్స్ లు అంతకుముందే స్పృశించిన ఈ విషయాన్ని రేలీ 1877లో తన గ్రంథంలో విపులంగా చర్చించాడు. కాంతి వేగాన్ని కొలిచే ప్రయోగాలలో తేలేది అల వేగమా, గుంపు వేగమా అన్న ప్రశ్నను 1881లో లేవనెత్తాడు.

బోలు గొట్టాలలో తరంగాలు

లోపల తీగ లేని లోహపు గొట్టంలో విద్యుత్ తరంగాలు సాగవని 1893లో హెవిసైడ్ భావించాడు. అంతటి ఉద్దండుడి అభిప్రాయం తప్పని 1897లో రేలీ గణితంతో నిరూపించాడు. అయితే ఒక షరతు ఉంది. దీర్ఘచతురస్రాకారపు గొట్టం వెడల్పు 5 సెంటీమీటర్లయితే 10 సెంటీమీటర్లకు మించిన తరంగదైర్ఘ్యం గల అలలు అందులో సాగలేవు. ఆ హద్దుకు తగిన పౌనఃపున్యం సుమారు 300 కోట్ల హెర్ట్జ్.

హద్దు దాటిన అలలన్నీ ఒకే వేగంతో పోవు. 375 కోట్ల హెర్ట్జ్ వద్ద గుంపు వేగం కాంతి వేగంలో 60 శాతం కాగా, 500 కోట్ల వద్ద 80 శాతం. పొట్టి సంకేతంలో అనేక పౌనఃపున్యాలు కలిసి ఉంటాయి కనుక, ఎక్కువవి ముందు చేరి తక్కువవి వెనుకబడతాయి. సూటిగా బయలుదేరిన సంకేతం సాగి, పలుచబడి చేరుతుంది. పక్కపక్కన రెండు సంకేతాలుంటే అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవచ్చు.

అప్పటికి ఇటువంటి గొట్టంతో ఎవరికీ పెద్దగా అవసరం పడలేదు. 1936లో అమెరికాలో సౌత్‌వర్త్, బారో వేర్వేరుగా గొట్టాలలో తరంగాలను పంపి చూపారు. రెండవ ప్రపంచ యుద్ధంలో రాడార్లకు ఇవి ఎంతో ఉపయోగపడ్డాయి.