మౌలానా ఆజాద్: మక్కాలో పుట్టారు.. దేశం ముక్కలు కావొద్దని చివరిదాకా పోరాడారు

నవంబర్ 11 వచ్చిందంటే దేశమంతా జాతీయ విద్యా దినోత్సవం జరుపుతారు. హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు వెళ్లేవాళ్లకు మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ బోర్డు రోజూ కనిపిస్తుంది. కానీ ఆ పేరున్న మనిషి గురించి అడిగితే.. దేశ తొలి విద్యాశాఖ మంత్రి అని చెప్పి చాలామంది అక్కడితో ఆగిపోతారు. నిజానికి మంత్రి పదవి ఆయన జీవితంలో చివరి ఘట్టం మాత్రమే. అంతకుముందు ఆయన మత పండితుడు, పత్రికా సంపాదకుడు, ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గిన ఖైదీ. అసలు ఎవరీ ఆజాద్? ఆయన దేనికోసం అంతగా కొట్లాడారు?

బడికి వెళ్లని పండితుడు

ఆయన అసలు పేరు ముహియుద్దీన్ అహ్మద్. 1888 నవంబర్ 11న మక్కాలో పుట్టారు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ పేరున్న సూఫీ గురువు. తల్లి అరబ్ కుటుంబానికి చెందినవారు. ఆయన చిన్నప్పుడే కుటుంబం కలకత్తా వచ్చేసింది.

ఇంగ్లీషు చదువులంటే తండ్రికి గిట్టదు. అందుకే కొడుకును బడికి పంపలేదు. అరబిక్, పర్షియన్, తర్కం, తత్వశాస్త్రం అన్నీ ఇంట్లోనే నేర్పించారు. మదర్సాల్లో పాతికేళ్లు వచ్చేదాకా చదివే కోర్సును ఈ కుర్రాడు 16 ఏళ్లకే పూర్తి చేసేశాడు. తండ్రికి తెలియకుండా ఇంగ్లీషు కూడా సొంతంగా నేర్చుకున్నాడు.

తండ్రికి వేలల్లో శిష్యులు. ఆ గురుపీఠం కొడుక్కే దక్కాలి. కానీ ఆయన వద్దనుకున్నారు. తాతతండ్రుల నుంచి వచ్చిందని కళ్లు మూసుకుని ఏదీ నమ్మనని, అన్నిటినీ ప్రశ్నించుకున్నారు. అప్పుడు పెట్టుకున్న కలం పేరే ఆజాద్. అంటే స్వేచ్ఛాజీవి అని అర్థం.

సర్కారును వణికించిన వారపత్రిక

1912 జులైలో కలకత్తా నుంచి అల్ హిలాల్ అనే ఉర్దూ వారపత్రిక మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్లే. బ్రిటిష్ పాలనను ఎదిరించడం ముస్లింలకు మత ధర్మం కూడా అని, హిందువులతో కలిసి పోరాడాలని ఆ పత్రిక గట్టిగా చెప్పింది. రెండేళ్లలో వారానికి 26 వేల కాపీల దాకా అమ్ముడుపోయింది. ఉర్దూ పత్రికల్లో అది అప్పటిదాకా ఎవరూ చూడని అంకె.

సర్కారు ఊరుకుంటుందా? డిపాజిట్ కట్టమంది, కట్టిన డబ్బు జప్తు చేసింది. చివరికి ప్రెస్సే మూయించింది. ఆయన అల్ బలాగ్ పేరుతో ఇంకో పత్రిక తెచ్చారు. దాంతో 1916లో ఆయన్ని బెంగాల్ నుంచే బహిష్కరించారు. రాంచీ చేరుకుంటే అక్కడ నిర్బంధించారు. 1919 చివరిదాకా ఆ నిర్బంధం సాగింది.

ఈ మధ్యలో ఇంకో దెబ్బ తగిలింది. ఖురాన్‌ను ఉర్దూలోకి అనువదిస్తూ ఆయన రాసుకున్న కాగితాలను పోలీసులు సోదాల్లో పట్టుకుపోయారు. మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. తర్జుమాన్ ఉల్ ఖురాన్ పేరుతో వచ్చిన ఆ గ్రంథం ఆయన రచనల్లో గొప్పదిగా పేరు తెచ్చుకుంది. కానీ పూర్తి కాలేదు.

35 నిండకుండానే కాంగ్రెస్ అధ్యక్షుడు

1920 జనవరిలో గాంధీజీని కలిశారు. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాల్లో ముందు నిలిచారు. మళ్లీ జైలు. 1923 సెప్టెంబర్‌లో ఢిల్లీలో జరిగిన కాంగ్రెస్ ప్రత్యేక సమావేశానికి అధ్యక్షత వహించారు. అప్పటికి 35 ఏళ్లు కూడా నిండలేదు. హిందూ ముస్లింల ఐక్యతను వదులుకుంటేనే స్వరాజ్యం వస్తుందంటే, అలాంటి స్వరాజ్యం తనకు అక్కర్లేదని అక్కడ తేల్చి చెప్పారు.

1940 మార్చిలో రామ్‌గఢ్‌లో మరోసారి అధ్యక్షుడయ్యారు. సరిగ్గా అదే నెలలో ముస్లిం లీగ్ లాహోర్‌లో ముస్లింలకు ప్రత్యేక రాజ్యాలు కావాలని తీర్మానించింది. కాంగ్రెస్ అలంకారం కోసం పెట్టుకున్న ముస్లిం అని జిన్నా ఆయన్ని ఎద్దేవా చేశారు. తాను ముస్లింనని గర్వపడతానని, భారతీయుడినని కూడా అంతే గర్వపడతానని, ఆ రెండిటికీ గొడవే లేదని ఆజాద్ వాదన.

కోటలో ఖైదు.. భార్య కన్నుమూత

1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం ఆయన అధ్యక్షతనే జరిగింది. తెల్లారేసరికి అరెస్టు. నెహ్రూ, పటేల్‌తో పాటు అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. మన తెలుగు నేత, మచిలీపట్నానికి చెందిన పట్టాభి సీతారామయ్య కూడా అదే కోటలో ఉన్నారు.

కలకత్తాలో భార్య జులేఖా బేగం ఆరోగ్యం క్షీణించింది. విడుదల చేయమని సర్కారును అడగడానికి ఆజాద్ ఇష్టపడలేదు. 1943 ఏప్రిల్‌లో ఆమె చనిపోయారు. చివరి చూపు కూడా దక్కలేదు. కోటలో ఉన్నప్పుడు ఒక మిత్రుడికి రాసి, పోస్ట్ చేయని ఉత్తరాలు తర్వాత గుబార్ ఎ ఖాతిర్ పుస్తకంగా వచ్చాయి. తెల్లవారుజామున తాగే టీ, గదిలో గూడు కట్టిన పిచ్చుకలు, భార్య మరణం.. అన్నీ అందులో ఉన్నాయి. 1945లో విడుదలై కలకత్తా చేరాక, జనం వేసిన దండల్లో ఒకటి తీసుకెళ్లి ఆమె సమాధి మీద ఉంచారు.

ఆపలేకపోయిన విభజన

1946లో బ్రిటిష్ క్యాబినెట్ మిషన్ వచ్చింది. రక్షణ, విదేశాంగం, కమ్యూనికేషన్లు కేంద్రానికి, మిగతావన్నీ రాష్ట్రాలకు అన్న ప్లాన్‌ను ఆజాద్ గట్టిగా సమర్థించారు. దేశం ఒక్కటిగా ఉండాలంటే ఇదొక్కటే దారి అని ఆయన నమ్మకం. మొదట కాంగ్రెస్, లీగ్ రెండూ ఒప్పుకున్నాయి కూడా. కానీ కొద్ది వారాల్లోనే లీగ్ వెనక్కి తగ్గింది. ఆ సమయంలో అధ్యక్ష పదవి వదిలేయడం తన పెద్ద తప్పని ఆజాద్ తర్వాత రాసుకున్నారు. 1947లో సొంత పార్టీయే విభజనకు ఓకే చెప్పింది. అటు లీగ్ దృష్టిలో ద్రోహి, ఇటు పార్టీలో ఆయన మాట చెల్లలేదు.

ఆ ఏడాది అక్టోబర్‌లో ఢిల్లీ ముస్లింలు భయంతో మూటాముల్లె సర్దుకుంటున్నారు. ఆజాద్ జామా మసీదు దగ్గర నిలబడి, ఇది మీ నేల, ఎక్కడికీ వెళ్లొద్దని బతిమాలారు, కోప్పడ్డారు.

బడి చూడని విద్యామంత్రి

స్కూలు మెట్లెక్కని ఈ మనిషే 1947 నుంచి చనిపోయేదాకా విద్యాశాఖ చూశారు. 1951లో ఖరగ్‌పూర్‌లో తొలి ఐఐటీ, 1953లో యూజీసీ, ఆ తర్వాత సాహిత్య, లలిత కళా అకాడమీలు.. ఇవన్నీ ఆయన హయాంలో వచ్చినవే.

1958 ఫిబ్రవరి 22న కన్నుమూశారు. ఆత్మకథలో 30 పేజీలను మాత్రం 30 ఏళ్ల తర్వాతే తెరవాలన్న షరతుతో సీల్ చేయించారు. అవి 1988లో బయటికొచ్చాయి. 1992లో ప్రభుత్వం భారతరత్న ప్రకటించింది. ఏ మసీదు దగ్గర నిలబడి వెళ్లొద్దని జనాన్ని ఆపారో, ఆ జామా మసీదు పక్కనే ఆయన సమాధి ఉంది.