పిల్లి నిద్ర చెడకూడదని కుడిచేత్తో రాసిన డాక్టరు

పిల్లలూ! దారిలో పిల్లికూన కనబడితే కొందరు దగ్గరకు తీస్తారు, కొందరు రాయి తీస్తారు. రాయి తీసినవాళ్లందరికీ కొట్టాలని ఉండదు. కొట్టకపోతే పక్కవాడు నవ్వుతాడేమోనని భయం, అంతే. ఆ భయాన్ని చిన్నప్పుడే గెలిచిన ఆల్బర్ట్ ష్వైట్జర్ గురించి ఈసారి తెలుసుకుందాం.

ఆయన 1875 జనవరి 14న అల్సాస్‌లో పుట్టారు. అప్పట్లో అది జర్మనీలో ఉండేది, ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది. తండ్రి చర్చి పాస్టరు. రాత్రి ప్రార్థనలో మనుషుల కోసమే ఎందుకు అడుగుతారా అని ఆ పిల్లాడికి అనుమానం. అందుకే అమ్మ ముద్దుపెట్టి వెళ్లాక, ఊపిరి ఉన్న ప్రాణులన్నీ చల్లగా ఉండాలని గుట్టుగా ఇంకో ప్రార్థన చేసుకునేవాడు.

ఏడెనిమిదేళ్లప్పుడు ఒక స్నేహితుడు ఉండేలుతో పిట్టల్ని కొడదాం రమ్మన్నాడు. ఆల్బర్ట్‌కి ఇష్టం లేదు. కానీ నవ్వుతాడేమోనని వెళ్లాడు. చెట్టు మీద పిట్టలు బెదరకుండా పాడుతున్నాయి. ఇద్దరూ గురి చూశారు. సరిగ్గా అప్పుడే చర్చి గంటలు మోగాయి. ఆల్బర్ట్ ఉండేలు పారేసి, పిట్టల్ని అదిలించి ఎగరగొట్టి, ఇంటికి పరుగెత్తాడు. నలుగురూ ఏమంటారో అన్న బెదురు ఆ రోజు నుంచే తగ్గింది.

అలాగని ఆయన పుట్టుకతోనే సాధువేం కాదు. ఇంట్లో కుక్కను బెత్తంతో అదిలించడం ఒకప్పుడు గొప్పగా అనిపించేది. తర్వాత అందుకు బాధపడ్డారు. రెండుసార్లు చేపలకు గాలం వేయడానికీ వెళ్లారు. ఎరకు గుచ్చిన పురుగును చూడలేక మానేశారు.

ముప్ఫై ఏళ్ల వయసులో డాక్టరు చదువు మొదలుపెట్టి, 1913లో ఆఫ్రికాలోని లాంబరెనేకి వెళ్లి ఆసుపత్రి పెట్టారు. ఇప్పుడది గాబన్ దేశంలో ఉంది. అవసరం లేకుండా ఏ ప్రాణికీ హాని చేయకూడదన్నది ఆయన సిద్ధాంతం. రోగిని బతికించాలంటే క్రిముల్ని చంపక తప్పదని ఆయనకూ తెలుసు. ఆసుపత్రి ఆవరణలో మేకలు, జింకలు, ఒక పెలికాన్ పక్షి కూడా పెరిగాయి. చిన్న కూనగా ఉన్నప్పుడు కాపాడి తెచ్చుకున్న సిజీ అనే పిల్లి ఆయన ఎడమచేతి మీద పడుకునేది. ఆయనది ఎడమచేతి వాటం. అయినా దాన్ని లేపకుండా కుడిచేత్తో మందుల చీటీలు రాసేవారు. 1952 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి ఆయనదే. 1965లో, 90 ఏళ్ల వయసులో, లాంబరెనేలోనే కన్నుమూశారు.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ వీధి పిల్లికూనను ఎత్తుకొస్తే వెంటనే కసరకండి. గిన్నెడు నీళ్లు, నాలుగు మెతుకులు పెట్టనివ్వండి. తింటున్నప్పుడు ముట్టుకోకూడదని చెప్పండి. అది కరిచినా గీరినా, తిడతారన్న భయంతో దాచకూడదని కూడా చెప్పండి. అలా జరిగితే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించండి.

పిల్లలూ, రేపు మీ పక్కవాడు రాయి తీస్తే వాడితో గొడవ పడక్కర్లేదు. గట్టిగా చప్పట్లు కొట్టండి, పిల్లి పారిపోతుంది. ఆ రోజు ఆల్బర్ట్ చేసిందీ అదే కదా!