ఆల్ఫ్రెడ్ మహారాజు

రాజ్యాలను జయించిన రాజులు చరిత్రలో ఎందరో ఉన్నారు. చేజారిన రాజ్యాన్ని తిరిగి నిలబెట్టి, దానికి విద్యాగంధం అబ్బేటట్లు చేసినవారు అరుదు. తొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు దక్షిణభాగంలోని వెసెక్స్ రాజ్యాన్ని పాలించిన ఆల్ఫ్రెడ్ అటువంటి అరుదైన ప్రభువు.

ఆనాటికి ఇంగ్లండు ఒకే రాజ్యం కాదు. ఆంగ్లో-సాక్సన్ జాతులవారు స్థాపించుకొన్న నార్తంబ్రియా, తూర్పు ఆంగ్లియా, మెర్సియా, వెసెక్స్ రాజ్యాలు వేరువేరుగా ఉండేవి. వెసెక్స్ రాజు ఏథెల్‌వుల్ఫ్, ఓస్బుర్ దంపతులకు కడగొట్టు కుమారుడుగా ఆల్ఫ్రెడ్ 849లో వాంటేజ్‌లో జన్మించాడు. ఒకనాడు తల్లి అందమైన పద్యగ్రంథాన్ని కుమారులకు చూపి, ముందుగా నేర్చినవారికే దానిని బహూకరిస్తానన్నది. అప్పటికి చదవడం రాని ఆల్ఫ్రెడ్ దానిని గురువుచేత చదివించుకొని, కంఠస్థం చేసి, తల్లికి అప్పగించి బహుమతి పొందాడు. ఈ ముచ్చటను అతని జీవితచరిత్ర రచించిన ఆసర్ అనే పండితుడు పేర్కొన్నాడు.

తండ్రి అనంతరం ముగ్గురు అన్నలు వరుసగా రాజులయ్యారు. 865లో డేన్ల మహాసైన్యం ఇంగ్లండు తీరాన దిగి, ఒక్కొక్క రాజ్యాన్నే కబళించసాగింది. 868లో ఆల్ఫ్రెడ్ మెర్సియాకు చెందిన ఎయల్‌స్విత్‌ను వివాహమాడాడు. 871లో అన్న ఏథెల్‌రెడ్ మరణించేనాటికి అతని కుమారులు పసివారు. శత్రువు గుమ్మంలో ఉన్న వేళ పసివాడిని గద్దెనెక్కించడం సాధ్యం కాదు. అందువల్ల రాజ్యభారం 22 ఏళ్ల ఆల్ఫ్రెడ్ భుజాలపై పడింది.

878 జనవరిలో గుత్రమ్ నాయకత్వంలోని డేన్లు చిప్పెన్‌హామ్‌పై ఆకస్మికంగా విరుచుకుపడ్డారు. ప్రజలలో పలువురు లొంగిపోయారు, కొందరు సముద్రం దాటిపోయారు. ఆల్ఫ్రెడ్ కొద్దిమంది అనుచరులతో సోమర్‌సెట్ చిత్తడినేలలలో తలదాచుకొని, ఏథెల్నీ అనే దిబ్బపై చిన్న కోట కట్టుకొన్నాడు. రొట్టెలు మాడనిచ్చి ఒక ఇల్లాలిచేత చీవాట్లు తిన్నాడన్న కథ ఈ కాలానికి సంబంధించినదే. అది తరువాతివారి కల్పన అయినా అతని దుస్థితికి అద్దం పడుతుంది. అయినా అతడు అధైర్యపడలేదు. మే నెలలో సైన్యాన్ని కూడగట్టి ఎడింగ్టన్ వద్ద డేన్లను ఓడించాడు. లొంగిపోయిన గుత్రమ్‌ను వధించక, బాప్తిస్మం ఇప్పించి, తానే జ్ఞానతండ్రిగా నిలిచాడు.

ఒక్క విజయంతో భయం తొలగదని ఆల్ఫ్రెడ్ గ్రహించాడు. రాజ్యమంతటా సుమారు 30 కోటపట్టణాల వ్యవస్థను ఏర్పరచాడు. సైన్యాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగం యుద్ధభూమిలో ఉన్నప్పుడు రెండవది ఇంటిపట్టున ఉండేటట్లు నియమించాడు. 892లో డేన్లు మరల దండెత్తినప్పుడు ఈ ఏర్పాట్లే రాజ్యాన్ని కాపాడాయి.

కోటలు నేలను కాపాడగలవు గాని మనుషుల అజ్ఞానాన్ని తొలగించలేవు. దేశంలో లాటిన్ తెలిసినవారు కరవైపోయారని ఆల్ఫ్రెడ్ చింతించాడు. తానే నడివయసులో లాటిన్ అభ్యసించి, పండితుల సహాయంతో పోప్ గ్రెగరీ, బొయీథియస్ వంటివారి గ్రంథాలను ప్రజల భాషలోకి అనువదింపజేశాడు. స్తోమతగల స్వతంత్ర కుటుంబాల పిల్లలందరూ ఆంగ్లం చదవడం నేర్వాలని ఆశించాడు. కాలాన్ని కొలవడానికి రోజుకు ఆరు కొవ్వొత్తులు వెలిగించేవాడట. గాలికి అవి త్వరగా కరగకుండా కొయ్యతో, పలుచని ఎద్దుకొమ్ము రేకులతో లాంతరు చేయించాడని ఆసర్ వ్రాశాడు. ఇదంతా జీవితాంతం వేధించిన వ్యాధిని భరిస్తూ సాధించినదే.

899 అక్టోబరు 26న ఆల్ఫ్రెడ్ మరణించాడు. కుమారుడు ఎడ్వర్డ్ రాజయ్యాడు. సింహాసనం తనదేనన్న అన్న కుమారుడు ఏథెల్‌వోల్డ్ తిరుగుబాటు చేసి, తన వంశపు శత్రువులైన డేన్లతోనే చేతులు కలిపి యుద్ధంలో మరణించాడు. పెద్ద కుమార్తె ఏథెల్‌ఫ్లెడ్ భర్త మరణించిన పిమ్మట 911 నుండి 918 వరకు మెర్సియాను స్వయంగా పాలించింది. తండ్రి బాటలో కోటలు కట్టించి, తమ్ముడు ఎడ్వర్డ్‌తో కలిసి డేన్లను వెనుకకు నెట్టింది. 927లో ఎడ్వర్డ్ కుమారుడు ఏథెల్‌స్టాన్ ఆంగ్లేయులందరికీ ఏకైక రాజయ్యాడు.

చిత్తడినేలలోని చిన్న దిబ్బకు పరిమితమైన రాజ్యం మూడు తరాలలో ఒక దేశంగా రూపొందింది. ఆపదలో ధైర్యాన్ని, విజయంలో సంయమనాన్ని, అధికారంలో విద్యాకాంక్షను విడువకపోవడమే ఆల్ఫ్రెడ్‌ను మహారాజును చేసింది.