అడిగినవాళ్లకల్లా బొమ్మలిచ్చేసిన సాదిఖైన్

1930లో అమ్రోహాలో పుట్టిన సాదిఖైన్‌ది ఖత్తాతీ తెలిసిన కుటుంబం. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లారు. కరాచీ దగ్గర గడానీ తీరంలో, నీళ్లు లేని ఇసుకలో నిటారుగా పెరిగిన ముళ్లజెముళ్లు ఆయన్ని పట్టేశాయి. ఆ తర్వాత ఆయన గీసిన మనుషుల వేళ్లు ముళ్లయ్యాయి, చివరికి అక్షరాలకూ అవే మొనలొచ్చాయి.

మనిషిలోని చిలిపితనమంతా బొమ్మల్లోనే ఉంది. కాకులు దిష్టిబొమ్మ మీద దర్జాగా వాలతాయి, మనుషులేమో దానికి భయపడి మొక్కుతారు! తన బొమ్మైతే మరీ విడ్డూరం. తెగిన తన తలను తనే చేత్తో పట్టుకుని నిలబడతారు. నవ్వొస్తుంది, కానీ కాసేపే.

1961లో పారిస్ బియెన్నాలేలో బహుమతి వచ్చింది. పేరొచ్చాక బాగా సంపాదించుకోవచ్చు కదా? ఆయన అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేసేవారు. సూరె రహ్మాన్ ఖత్తాతీలూ అలాగే పంచారు. 1981లో భారత్ వచ్చినప్పుడు అలీగఢ్, బనారస్‌లతో పాటు మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐలోనూ పెద్ద కుడ్యచిత్రం వేశారు.

చివరగా కరాచీ ఫ్రియర్ హాల్ పైకప్పుకు రంగులద్దుతూ, అది సగంలో ఉండగానే 1987 ఫిబ్రవరి 10న కన్నుమూశారు. ఆ పైకప్పు ఇప్పటికీ అసంపూర్తిగానే ఉంది.