ఇబ్నె సీనా జీవితం నేర్పే పాఠం

షుగర్ వ్యాధి ఈ కాలపు జబ్బని మనలో చాలామంది అనుకుంటాం. కాని దాని లక్షణాలను వెయ్యేళ్ల నాడే గ్రంథస్థం చేసిన మహావైద్యుడు ఇబ్నె సీనా. ఆయన క్రీ.శ. 980లో బుఖారా సమీపంలో జన్మించారు. పదేళ్లకే ఖుర్‌ఆన్ కంఠస్థం చేశారు. పద్దెనిమిదేళ్లు నిండేసరికే హకీమ్‌గా పేరు పొందారు. ఆయన రచించిన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' శతాబ్దాల పాటు యూరప్‌లో సైతం వైద్య విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. మధుమేహ రోగి మూత్రంలో తీపి ఉంటుందని, అవయవాలు కుళ్లే ప్రమాదముందని అందులో రాశారు. మెంతులు కలిసిన ఔషధాన్ని సూచించారు. మితాహారం, వ్యాయామం, నిద్ర ఆరోగ్యానికి మూలమన్నారు.

అయితే తన విషయంలో ఆయన ఆ నియమాలు పాటించలేదు. కడుపుశూల వచ్చినప్పుడు త్వరగా కోలుకోవాలని ఒకే రోజు ఎనిమిదిసార్లు ఎనిమా చేయించుకున్నారని శిష్యుడు జూజ్‌జానీ రాశారు. కాస్త తేరుకోగానే పథ్యం విడిచారు. జబ్బు తిరగబెట్టి 1037లో హమదాన్‌లో కన్నుమూశారు.

తెలిస్తే చాలదు, ఆచరించాలి. బుక్కరాయసముద్రంలో ఉన్న మనకు నడవడానికి చెరువు కట్ట ఉంది. కొర్రలు, రాగులు మనకు తెలిసిన తిండే, అవైనా మితంగానే తినాలి. పరగడుపు రక్తపరీక్షలో షుగర్ 100 నుంచి 125 ఉంటే అది హెచ్చరిక. 126, ఆపైన ఉంటే మెంతులతో సరిపెట్టక డాక్టరును కలవాలి. ఒంట్లో బాగుందని మాత్రలు మానరాదు. కళ్లు, పాదాలు ఏటా చూపించుకోవాలి.