బొమ్మల కథల యొజ్జ — రోడోల్ఫు టోప్ఫరు

మన బాలబాలికల పుస్తకపు సంచులలో పాఠ్యగ్రంథముల నడుమ బొమ్మల కథల పుస్తకము లొకటి రెండు దాగియుండుట ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును తెలియని సంగతి కాదు. గుహలును, రాక్షసులును, ఓడదొంగలును, ఆకాశయానములును గల యా పుస్తకములను గూర్చి పెద్దలలో రెండభిప్రాయములు గలవు. అవి కాలహరణమునకు దక్క వేరొకదానికి పనికిరావని కొందరందురు. చదువన్న ముఖము చిట్లించు బాలునిగూడ అవి చదువువైపునకు త్రిప్పునని మరికొందరందురు. ఆ తగవు నిచట తీర్పవలెనని మేము పూనుకొనలేదు. కాని నేడు మనము చూచుచున్న రూపమున బొమ్మల కథలకు ఆద్యుడని పండితులలో పెక్కుమంది యెన్నుకొన్న పురుషుడు, పనిలేని వినోదపరుడు గాక, బాలుర వసతిగృహమును నడిపిన ఒక ఉపాధ్యాయుడే యని మన చదువరులలో ననేకు లెరుగరు. ఇట్టి పుస్తకముల మంచిచెడ్డలను నిర్ణయించుటకు తగిన కొలబద్దను గూడ ఆయనయే యేర్పరచి పోయెను. కావున జెనీవా నగరవాసియగు రోడోల్ఫు టోప్ఫరు చరిత్రమును ఈ సంచికలో సంగ్రహముగా వ్రాయుచున్నాము.

టోప్ఫరు 1799 వ సంవత్సరము జనవరి 31 వ తేదీన జన్మించెను. జెనీవా యప్పుడు ఫ్రాన్సువారి యేలుబడిలో నుండెను. 1815 లో అది స్విస్ సమాఖ్యలో చేరెను. తండ్రి వోల్ఫ్‌గాంగ్ ఆడం టోప్ఫరు పల్లెపట్టుల దృశ్యములను చిత్రించి పేరొందిన చిత్రకారుడు. పట్టణములోని ఘనులను వికటముగా గీచి నవ్వించుటయందును నేర్పరి. రంగుల వాసనల నడుమ పెరిగిన బాలునకు తండ్రివలె తానును చిత్రకారుడు కావలెనను కోరిక కలుగుట సహజమే. ఆంగ్ల చిత్రకారుడగు హోగార్తు గీచిన వరుస చిత్రములు, ఒక మనుష్యుని దురభ్యాసము లతని నెటు పతనము చేయునో ఒకదాని తరువాత నొకటిగా చూపునట్టివి, ఆయన మనస్సున గాఢముగా నాటుకొనెను.

ఆ కోరిక నెరవేరలేదు. యౌవనారంభముననే ఆయనకు కంటిజబ్బు సంక్రమించెను. 1819 లో పారిసు నగరమునకు పోయి, చికిత్సయు చదువును ఏకకాలమున సాగించెను గాని, మరుసటి సంవత్సరము ఇల్లు చేరునప్పటికి తనకు కుంచె పట్టు యోగము లేదని రూఢిపడెను. రంగుల పటమునెదుట గంటలకొలది కూర్చుండి సూక్ష్మభేదములను పరికింపవలసిన వృత్తికి ఆ కన్నులు చాలవు. ఇరువది యేండ్ల ప్రాయమున నొక యువకునకు ఇంతకంటె కష్టమైన తీర్పు వేరొకటి యుండునా యని మాకు తోచుచున్నది.

జీవనమునకై ఆయన బోధకవృత్తి నవలంబించెను. 1823 లో వివాహ మాడి, మరుసటి సంవత్సరము జెనీవాలోనే స్వయముగా నొక బాలుర వసతి పాఠశాలను నెలకొల్పెను. పరదేశములనుండి గూడ సంపన్నుల బిడ్డలు వచ్చి ఆయన యింట నుండి చదువుకొనుచుండిరి. భార్యయు ఆ పిల్లలకు తల్లివలె నుండెను. 1832 లో ఆయన జెనీవా అకాడమీలో సాహిత్యాచార్యుడుగా నియమింపబడెను. అయినను వసతి పాఠశాలను విడువలేదు.

ఆ పాఠశాల విశేషములలో నొకటి చెప్పక తీరదు. ఏటేట సెలవులలో టోప్ఫరు పిల్లలను వెంటబెట్టుకొని ఆల్ప్సు పర్వతములలో కాలినడకను యాత్ర చేయుచుండెను. వీపున మూట, చేత కఱ్ఱ. పోవు త్రోవ తిన్నగా నుండవలెనన్న నియమము లేదు. కనుమలెక్కి, మంచునదులు చూచి, పల్లెల సత్రములలో దొరికినది భుజించి, ఒక్కొక్క మారు ఇటలీ వరకును, 1841 లో వెనీసు నగరము వరకును పోయిరి. భార్యయు వారితో నడచుచుండెను. తిరిగివచ్చిన పిమ్మట ఆయా యాత్రను వ్రాతలోను బొమ్మలలోను ఎక్కించి, శిష్యులకు జ్ఞాపకార్థము ఒక పుస్తకము సిద్ధపరచెడివాడు. ఇవియే తరువాత 1844 లో వంకరటింకర ప్రయాణములను నర్థము గల పేరుతో పారిసులో అచ్చై యశస్సు గాంచెను. తడిసిన బట్టలు, అరగిన జోళ్లు, ఆకలి, నవ్వులు వీనినన్నిటిని అంత ప్రేమతో వర్ణించిన ఉపాధ్యాయు లరుదు.

చలికాలపు సాయంకాలములు వేరు విధముగా గడచుచుండెను. పిల్లలు తమ పాఠములు చదువుకొనుచుండ, ఆయన యొకమూల బల్లయొద్ద కూర్చుండి కలముతో బొమ్మలు గీచుచుండెను. అడ్డముగా పొడవైన పుట. దానిని నిలువుగీతలతో కొన్ని గళ్లుగా విభజించి, ప్రతి గడిలో నొక చిత్రమును, దాని క్రింద స్వహస్తముతో ఒకటి రెండు వాక్యములును. పుట తిప్పినకొలది కథ నడచును. 1827 లో వియు బ్వా అను ముసలి ప్రేమికుని కథయు, 1829 లో డాక్టరు ఫెస్టసు కథయు, 1830 లో క్రిప్టోగాము కథయు ఇట్లు పుట్టెను. చుట్టును మూగిన పిల్లలే వానికి మొదటి చదువరులు, మొదటి విమర్శకులు. వారు నవ్వనిచోట బొమ్మ తప్పిన దన్నమాట. ఇంతకంటె నిష్పక్షపాతమైన న్యాయస్థాన మెక్కడ దొరకును!

ఆ కథలన్నియు విచిత్ర సాహసములే. విద్యాయాత్రకై గాడిదజాతి వాహనము నెక్కి బయలుదేరిన ఫెస్టసు పండితుడు కనీవినీ యెరుగని ఆపదలపాలై, కడకు ఇల్లు చేరి, జరిగినదంతయు స్వప్నమని తలచును. ఆ కథలోనే నగరాధ్యక్షుని అధికార దుస్తు లెవరు ధరించిన వారి వెంటనే సిపాయిలు గంభీరముగా నడచుచుందురు. దుస్తులలోని మనుష్యు డెవ్వడని వారు చూడరు. సీతాకోకచిలుకలను పట్టుటయే వృత్తిగా గల క్రిప్టోగాము, తన్ను పెండ్లాడనెంచిన యువతిని తప్పించుకొనుటకై ఓడ యెక్కగా, ఆమెయు నా యోడయే యెక్కి ఆయనను తరుమును. ఓడపై వారు గిరగిర తిరుగ, ఇతరులును వారి వెంట పరుగెత్త, ఓడయే బొంగరమువలె తిరుగజొచ్చును. పిమ్మట నొక తిమింగిలపు కడుపున కొంత సంసారము. ఇట్టి కల్పనలు చదివి నవ్వని బాలుడుండునా?

అయినను టోప్ఫరు ఈ పుస్తకములను బయట పెట్టుటకు జంకెను. పిల్లలను దిద్దవలసిన గురువు, అకాడమీలో ఆసన మాశించువాడు, ఇట్టి పిచ్చిగీతలను ప్రకటించిన లోకులేమందురు? బడికి బిడ్డలను పంపు తల్లిదండ్రు లేమనుకొందురు? ఈ భయము నవ్వదగినది కాదు. ఆయన కుటుంబజీవనమంతయు ఆ బడిమీదనే ఆధారపడి యుండెను. ప్రతులు మిత్రుల చేతులలో మాత్రమే తిరుగుచుండెను.

ఆ మిత్రులలో సొరే అను జెనీవా పండితుడు జర్మనీలోని వైమారు నగరమున రాజకుమారునకు గురువుగా నుండెను. మహాకవి గోథే ఆ నగరముననే యుండెను. 1830 వ సంవత్సరపు టంత్యభాగ మా వృద్ధకవికి దుస్సహమైన కాలము. ఆయన యేకైక పుత్రుడు అక్టోబరులో రోము నగరమున మరణించెను. నవంబరులో కవియు రక్తస్రావముతో మంచమెక్కి ప్రాణాపాయము నుండి బయటపడెను. అట్టి సమయమున సొరే తెచ్చియిచ్చిన టోప్ఫరు పుస్తకము లాయన చేతికి వచ్చెను. గోథేకు వికటచిత్రములన్న సాధారణముగా రుచింపవు. ఎనుబదియొకటవ యేట నుండెను. పైగా ఫెస్టసు కథ ఆయన మహాకృతియగు ఫౌస్టును చూచి నవ్విన నవ్వు. త్రోసివేయుటకు కావలసినన్ని కారణములుండెను.

ఆయన త్రోసివేయలేదు. 1831 వ సంవత్సరము జనవరి 4 వ తేదీన ఆయన ఆ పుస్తకమును పుట తరువాత పుటగా చూచి మెచ్చుకొనిన విధమును ఎకర్మను అను శిష్యుడు వ్రాసి యుంచెను. ఒక్కసారిగా చదివి పారవేయక, కొన్ని పుటలు చూచి, నిలిచి, మరల చూచునట. ప్రతి పుటయు ప్రతిభతో మెరయుచున్నదని ఒప్పుకొనెను. అయితే ఈ యువకుడు ఇంతకంటె బరువైన విషయమును గైకొని, తన్ను తాను కొంత బిగబట్టుకొన్నచో ఊహింపరాని కార్యములు చేయగలడనియు చెప్పెను. పొగడ్తయు, హెచ్చరికయు ఒక్క నోటనే. పుస్తక విమర్శ యనగా నిట్లుండవలెనని మా యభిప్రాయము. తనకు నచ్చని జాతి పుస్తకమైనను దానిని ఓపికతో చదివి, అందున్నదానిని చూచి, లేనిదానిని చెప్పుట. గోథే 1832 మార్చిలో పరమపదించెను. ఆ సంవత్సరమే ఆయన పత్రికయొక్క కడపటి సంచికలో ఈ చిత్రకథలను గూర్చిన ప్రశంస వెలువడెను.

ఆ మాట జెనీవా చేరినపిమ్మట టోప్ఫరునకు ధైర్యము చిక్కెను. 1833 లో జాబో అను ఆడంబరపురుషుని కథను అచ్చొత్తించి, 1835 లో విక్రయమునకు పెట్టెను. ఏ ప్రచురణకర్తయు ఆయనను నియోగింపలేదు, అన్నియు స్వయంకృషియే. అచ్చుపద్ధతిని గూర్చి కొంచెము చెప్పవలెను. సాధారణ శిలాముద్రణమున రాతిపై అక్షరములను తలక్రిందుగా, అద్దమున కనబడునట్లు వ్రాయవలెను. టోప్ఫ రవలంబించిన పద్ధతిలో, ప్రత్యేకముగా సిద్ధపరచిన కాగితముపై జిడ్డుసిరాతో మామూలుగానే గీచి, ఆ కాగితమును రాతిపై నొత్తిన చాలును. గీత లా రాతి కంటుకొనును, దానినుండి ప్రతులు దిగును. చేతివ్రాతయు, బొమ్మయు ఒకే కలపు జాడగా పుటపై నిలుచును. రంగులు లేవు, నీడలు లేవు; చురుకైన గీత మాత్రమే. చెడిన కన్నులు గల మనుష్యుని కిది తగిన పని. చిత్రకారుడు కానీయని ఆ జబ్బే ఆయనను ఈ త్రోవకు తెచ్చెనని చెప్పినను తప్పుకాదు.

1837 లో ఆయన మరియొక వింతపని చేసెను. తన జాబో పుస్తకమును గూర్చి తానే జెనీవాలోని ఒక ప్రసిద్ధ పత్రికలో విమర్శ వ్రాసెను! అందు ఆత్మస్తుతి కంటె పనికివచ్చు మాట యొకటి గలదు. ఇట్టి పుస్తకము మిశ్రజాతికి చెందినదనియు, క్రింది వాక్యములను తీసివేసిన బొమ్మలు మసకబారుననియు, బొమ్మలను తీసివేసిన వాక్యములు ఒట్టిపోవుననియు దాని తాత్పర్యము. మేము ముందు చెప్పిన కొలబద్ద ఇదియే. మన విద్యార్థు లొక బొమ్మల పుస్తకమును చదువునప్పుడు, ఒకమారు అరచేతితో మాటలను మూసి చూడుడు. మరియొకమారు బొమ్మను మూసి చదువుడు. రెండింటిలో నేదియో యొకటి ఒంటరిగానే కథనంతయు చెప్పివేసిన యెడల రెండవది దండుగ. బొమ్మలో కత్తి దూసినవాని క్రింద అతడు కత్తి దూసెనని వ్రాసిన పుస్తకములు నేడును కొల్లలుగా నున్నవి.

ఈ కొలతతో ఆయన పుస్తకములనే తూచినచో మాకు మిక్కిలి నచ్చినది 1837 నాటి క్రెపాను కథ. పదునొకండుగురు కొమారులు గల తండ్రి వారి చదువునకై ఒకరి తరువాత నొకరిని ఉపాధ్యాయులను నియమించును. ఒక్కొక్కడు ఒక్కొక్క నూతన విద్యాపద్ధతిని వెంట తెచ్చును. ఒక గురువునకు ముఖ మదరు అలవాటుండగా పిల్లలందరును పాఠమునకు బదులు దానిని నేర్చుకొందురు. పుఱ్ఱెమీది బుడిపెలను తడవి బుద్ధిని చెప్పువాడొకడు వచ్చును. వాక్యములు గంభీరముగా సాగుచుండ, బొమ్మలలో ఇల్లంతయు అల్లకల్లోలము. మా తోడి ఉపాధ్యాయులు దీనిని చదివిన నవ్వుటతోపాటు కొంచెము తడుముకొందురు. క్రిప్టోగాము కథలో ఆల్జీరియా దేశీయులను పరిహాసపాత్రులుగా గీచిన తీరు మాత్రము మాకు హితవు గాలేదు.

పుస్తకములకు ఖ్యాతి కలిగినతోడనే చౌర్యమును కలిగెను. 1839 లో పారిసులోని ఒబేరు వర్తకులు ఆయన యనుమతి లేకయే మూడు పుస్తకములను వేరొకనిచే తిరుగ గీయించి అమ్మిరి. ఒక దేశపు గ్రంథకర్త హక్కును మరియొక దేశమున కాపాడు చట్టము లప్పుడు లేవు. నకలు గీచినవానికి గీత వచ్చును గాని నవ్వు రాలేదు. వియు బ్వా కథ 1841 లో లండనున ఆంగ్లమున వెలువడి, 1842 సెప్టెంబరు 14 వ తేదీన న్యూయార్కులో నొక పత్రిక అనుబంధముగా అచ్చయ్యెను. అమెరికాలో ప్రకటింపబడిన మొదటి బొమ్మల కథల పుస్తక మదియేయని చెప్పుదురు. దానివలన టోప్ఫరునకు కాసైనను ముట్టలేదు. 1845 లో క్రిప్టోగాము కథ మాత్రము ఆయన సమ్మతితోనే పారిసు పత్రికలో వారము వారము వచ్చెను.

ఆ 1845 లోనే ముఖలక్షణములను గూర్చిన చిన్న గ్రంథమును ప్రకటించెను. చేతగాని చేయి గీచిన ముఖమునందైనను ఏదో యొక భావము తప్పక యుండునని అందు బొమ్మలు గీచి చూపెను. నుదురు, ముక్కు మొదలైన స్థిరావయవములను చూచి యొకని గుణమును నిర్ణయింపబూనుట నమ్మదగినది కాదనియు అందు వ్రాసెను. పుఱ్ఱెల శాస్త్రమునకు ఐరోపాలో గౌరవము మెండుగా నున్న రోజులవి. చదువువారికంటె చూచువారు పెక్కండ్రనియు, కావున పిల్లలపైనను సామాన్యులపైనను బొమ్మల కథకు గల బలము గొప్పదనియు, ఆ బలమును దుష్టులకు విడువరాదనియు ఆయన తలంపు.

అప్పటికే దేహము సడలిపోయెను. విషీ మొదలగు చోట్ల ఆరోగ్యజలములు సేవించినను గుణము కనబడలేదు. పాఠశాల మూతపడెను. 1846 వ సంవత్సరము జూను 8 వ తేదీన, నలువదియేడవ యేట, ఆయన జెనీవాలో మరణించెను. ఎనుబదేండ్ల తండ్రి అప్పటికి జీవించియే యుండెను. కుంచె పట్టలేకపోయిన కొమారుని సాగనంపి, ఆ వృద్ధ చిత్రకారుడు మరుసటి సంవత్సరము కన్నుమూసెను. టోప్ఫరు రోగశయ్యపై నుండి వ్రాసిన కడపటి నవలయు ఆ 1847 లోనే అచ్చుపడెను.